ఏ ఇంజను గొప్పది? సిలిండర్ల లెక్కన ఒక పేచీ

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం మెకానికల్ విద్యార్థులు, ట్రాక్టర్, లారీ మెకానిక్‌ల ఎదుట ఒక విశ్రాంత రైల్వే డీజిల్ షెడ్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడిన వాళ్లు ముందుకు రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చేతులకు గ్రీజు ఉంటే ఉండనివ్వండి, ఇది పెళ్లి పందిరి కాదు.

నాకు ఇచ్చిన ప్రశ్న ఒకటే. ఒక సిలిండర్ ఇంజన్లలో ఏది గొప్పది, రెండింటిలో ఏది, మూడింటిలో ఏది, అలా పైకి పోతూ చెప్పమన్నారు. పేచీ పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి విషయం నాకు తెలియదు. కాకపోతే పేచీకి ముందు కొలత ఉండాలి. కొలత లేని పేచీ అరుపుల పోటీ అవుతుంది. గొప్పది అంటే ఏమిటి? గుర్రపు శక్తి ఎక్కువ ఉన్నదా? అలాగైతే ప్రతి ఏడూ కొత్త ఇంజను గొప్పది, పోయినేటిది చెత్త. ఎక్కువ అమ్ముడుపోయినదా? అది కంపెనీ వాళ్ల లెక్క. పందెంలో గెలిచినదా? పందెం ఒక పూటలో అయిపోతుంది.

నా కొలత వేరు. ఆ ఇంజను పుట్టిన ఊరికి ఎంత దూరం పోయింది? దాన్ని తయారు చేయని చేతుల్లో ఎన్నేళ్లు బతికింది? ఈ రెండే అడుగుతాను. ఒప్పుకోని వాళ్లు చివర్లో నిలదీయండి, సమయం ఉంచుతాను.

ఇంకొక చిన్న లెక్క చెప్పి మొదలుపెడతాను. ఫైర్ కావడం అంటే సిలిండర్‌లో ఇంధనం మండి పిస్టన్‌ను తోయడం, ఆ తోపుకు తిరిగే ఇరుసు క్రాంక్. ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో ఒక సిలిండర్ ఒకసారి ఫైర్ అయ్యాక మళ్లీ ఫైర్ కావాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి, అంటే 720 డిగ్రీలు. 720ని సిలిండర్ల సంఖ్యతో భాగించండి, ఫైరింగ్‌కు ఫైరింగ్‌కు మధ్య ఎడం వస్తుంది. నాలుగైతే 180, ఆరైతే 120. ఎడం తగ్గేకొద్దీ నడక సాఫీ అవుతుంది. ఈ ఒక్క భాగహారం గుర్తు పెట్టుకుంటే ఈ సాయంత్రానికి చాలు.

ఇక ఒకటి. ఒక సిలిండర్ అనగానే కుర్రవాళ్లు బుల్లెట్ అంటారు. అన్నారు, చూడండి, నా నోట మాట పూర్తి కాకముందే. బుల్లెట్ మంచి బండే. 70 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 90 స్ట్రోకు, అంటే పిస్టన్ ఎక్కిదిగే దూరం, 346 సీసీ. ఇంగ్లండులో దాని కంపెనీ మూతపడ్డాక కూడా చెన్నైలో బతికింది. నా కొలతకు బాగా నిలుస్తుంది, కాదనను. హోండా సూపర్ కబ్ 1958లో పుట్టి 2017 నాటికి పది కోట్లు దాటింది. అదీ కాదనను.

కానీ నా ఓటు లిస్టర్‌కు. ఇంగ్లండులో డర్స్‌లీ అనే చిన్న ఊరు. 1930 ప్రాంతంలో అక్కడ ఒక డీజిల్ ఇంజను మొదలైంది. అయిదు గుర్రాల శక్తి, నిమిషానికి 600 చుట్లు, రెండు పక్కలా రెండు పెద్ద ఇనుప చక్రాలు. ఆరు వందల చుట్లేనా అని నవ్వకండి. మీ మోటారు సైకిలు ఊరికే నిలబడి ఉన్నప్పుడే వెయ్యికి పైన తిరుగుతుంది. లిస్టర్ పని చేసేటప్పుడు తిరిగేదే ఆరు వందలు. ఇంత నెమ్మదిగా తిరిగేది ఎందుకు అరుగుతుంది? 720 డిగ్రీలకు ఒక్కసారి వచ్చే దెబ్బను ఆ చక్రాలు దాచుకుని మిగతా దారంతా నడిపించేవి. వాల్వు ఎత్తి పట్టుకుని హ్యాండిల్ తిప్పడం, చక్రం ఊపందుకున్నాక వాల్వు వదలడం. బ్యాటరీ లేదు, సెల్ఫ్ లేదు.

మన జిల్లాలో పెద్దవాళ్లను అడగండి. బావి గట్టు మీద ఆయిల్ ఇంజను అంటే వాళ్లకు ఏ బొమ్మ కనిపిస్తుంది? ఆ రెండు చక్రాలే. రాజ్‌కోట్‌లో ఎన్నో చిన్న ఫౌండ్రీలు ఆ మాదిరిని పోతపోసి దేశమంతా పంపాయి. డర్స్‌లీలో 1987లో తయారీ ఆగిపోయినా రాజ్‌కోట్‌లో ఆగలేదు. వేరుశనగ చేనుకు నీళ్లు పెట్టింది అదే, పిండి మర తిప్పింది అదే. ఇక్కడ దాన్ని ఓడించింది ఇంకొక ఇంజను కాదు. బావులు ఎండిపోయాయి, బోర్లు పడ్డాయి, బోర్లలోకి కరెంటు మోటార్లు దిగాయి. నీళ్లు కిందికి పోవడంతో ఇంజను ఓడిపోయింది. అది దాని తప్పా?

రెండు. రెండు సిలిండర్లను ఎలా అమర్చినా ఏదో ఒక ఇబ్బంది. పక్కపక్కనే పెట్టి రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగేలా చేస్తే ఫైరింగ్ సమానంగా వస్తుంది గానీ బండి ఒళ్లంతా అదురుతుంది. ఒకటి లేస్తే ఒకటి దిగేలా చేస్తే అదురు తగ్గుతుంది, ఫైరింగ్ కుంటుతుంది. హార్లే వాళ్లు 45 డిగ్రీల కోణంలో పెట్టారు, అందుకే దాని ఫైరింగ్ ఒకసారి 315 డిగ్రీలకు, ఒకసారి 405కు. ఆ కుంటి నడకనే జనం డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు, అది వేరే సంగతి. ఇబ్బందిని సూటిగా తీర్చింది ఎదురెదురు సిలిండర్ల అమరిక. 1923లో బీఎమ్‌డబ్ల్యూకు మాక్స్ ఫ్రిట్జ్ అలా గీశాడు, నేటికీ ఆ కంపెనీ అలాంటివి చేస్తోంది. నా కొలతకు ముఖ్యమైనది ఆ తర్వాతి కథ. వాళ్ల ఆర్71 నమూనా మీద సోవియట్ వాళ్లు ఎం-72 చేశారు, దాని సంతతే ఉరల్. చైనాలోనూ ఒక శాఖ పుట్టింది. మంచులో, బురదలో, ఎవరెవరి చేతుల్లోనో బతికింది. కాబట్టి రెండుకు అదే. టాటా ఏస్ అని ఎవరో అంటున్నారు. 2005లో వచ్చింది, 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్, సందుల్లో తిరిగే సరుకు రవాణాను మార్చేసింది. ఒప్పుకుంటాను. రెండో స్థానం ఇస్తాను, ఇంతటితో వదిలేయండి.

మూడు. ఇక్కడ నాకు మీతో గొడవ తప్పదు. మూడు సిలిండర్లు 240 డిగ్రీలకు ఒకటి చొప్పున సమానంగా ఫైర్ అవుతాయి. కిందికీ పైకీ తోసే బలాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మరి మూడు సిలిండర్ల కారు ఎందుకు వణుకుతుంది? నులక మంచాన్ని తల వైపు ఒకరు, కాళ్ల వైపు ఒకరు పట్టుకుని, ఒకరు ఎత్తినప్పుడు ఇంకొకరు దించుతూ పోతే ఎలా ఊగుతుంది? మొత్తం మంచం ఎత్తు మారదు, కానీ పడుకున్నవాడికి నిద్ర పట్టదు. అదీ మూడు సిలిండర్ల జబ్బు. మారుతి 800లో కూర్చున్న వాళ్లకు తెలుసు. 796 సీసీ, 1983 డిసెంబరులో మొదటి బండి బయటికి వచ్చింది. మన మధ్యతరగతి కారు ఎక్కింది దానితోనే. ఇప్పుడు మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా బండ్లలో కూడా ఒక లీటరు మూడు సిలిండర్ల టర్బో ఇంజనుతో, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి తోసే పంకా ఉన్న ఇంజనుతో వచ్చేవి ఉన్నాయి. మారుతి 800 నుంచి దాని దాకా ఎంత దూరం వచ్చామో చూడండి.

అయినా నా ఓటు పొలంలో ఉంది. పెర్కిన్స్ 3.152. మూడు సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు, అంటే మన లెక్కలో రెండున్నర లీటర్లు. 1959లో మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్‌లోకి వచ్చింది. తర్వాత యుగోస్లావియాలో లైసెన్సు మీద చేశారు, మన చెన్నైలో సింప్సన్ వాళ్లు పెర్కిన్స్ ఇంజన్లు చేశారు. మాసీ ట్రాక్టర్ ఇంజను ఇప్పని మెకానిక్ ఈ గదిలో ఉన్నారా? లేరు. నాకు తెలుసు. ట్రాక్టర్‌కు వణుకు ఒక లెక్క కాదు, తక్కువ చుట్లలో లాగుడు లెక్క. నాగలి గట్టి నేలలో దిగినప్పుడు ఇంజను చుట్లు పడిపోవాలి గానీ ఆగిపోకూడదు. అది ఆగదు. జబ్బు ఉన్న అమరికను ఆ జబ్బు పట్టించుకోని చోట పెట్టడం కూడా ఇంజనీరింగే. పిల్లలూ, ఈ మాట పరీక్షలో రాదు, ఉద్యోగంలో వస్తుంది.

నాలుగు. ఇక్కడ జనం ఎక్కువ, తోపులాట ఎక్కువ. నాలుగు సిలిండర్లకు ఎడం సరిగ్గా 180, ఒక పిస్టన్ శక్తి స్ట్రోకు ముగిసిన చోట ఇంకొకటి అందుకుంటుంది. కానీ ఒక దొంగ అదురు ఉంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు పక్కకు వాలడం వల్ల పిస్టన్ పై సగంలో వేగంగా, కింది సగంలో నెమ్మదిగా కదులుతుంది. రెండు దిగుతూ రెండు లేస్తున్నా లెక్క సరిపోదు, ప్రతి చుట్టుకు రెండుసార్లు అదురు మిగులుతుంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఆంగ్లేయుడు దీనికి మందు కనిపెట్టాడు, క్రాంక్‌కు రెండింతల వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు బరువు షాఫ్టులు. మిత్సుబిషి 1970లలో దాన్ని బాగు చేసి అమ్మింది. పోర్షే అంతటి కంపెనీ 944 కారు కోసం వాళ్ల దగ్గర లైసెన్సు తీసుకుంది.

నాలుగులో ఎవరు? టాక్సీ నడిపే వాళ్లు ఫియట్ 1.3 మల్టీజెట్ అంటారు. 1248 సీసీ, 2003లో వచ్చింది, మారుతి, టాటా, ఫియట్ ముగ్గురూ మన దేశంలో వాడారు. ఒక్క ఫైరింగ్‌కు డీజిల్‌ను అయిదు విడతల దాకా చల్లగలదు. ఒక తరం టాక్సీలన్నీ దానిమీదే బతికాయి. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలతో మన దేశంలో ఆగిపోయింది. అద్భుతమైన ఇంజనే. కానీ దాని నాజిల్ చెడిపోతే రోడ్డు పక్క మెకానిక్ ఏం చేయగలడు? కంప్యూటర్ పెట్టిన చోటికి పంపుతాడు. నా కొలతకు అక్కడ తగ్గింది.

నా ఓటు ఫోర్డ్ మోడల్ టీకి. 1908లో వచ్చింది, 2.9 లీటర్లు, ఇరవయ్యే గుర్రాలు. లీటరుకు ఏడు గుర్రాలు కూడా లేవు! కారు 1927లో ఆగిపోయింది, అప్పటికి కోటిన్నర బండ్లు. ఇంజను తయారీ మాత్రం 1941 దాకా సాగింది. కారు చచ్చిపోయాక పద్నాలుగేళ్లు ఇంజను ఎందుకు చేశారు? కొనేవాళ్లు ఉన్నారు కాబట్టి. రైతులు దాన్ని పీకి రంపపు మిల్లుకు పెట్టారు, పడవకు పెట్టారు, నీళ్ల పంపుకు పెట్టారు. సిలిండర్ల దిమ్మె నుంచి హెడ్ విడిగా ఊడేలా చేశారు, అప్పట్లో అది పెద్ద విషయం. స్పానర్ పట్టుకున్న ప్రతివాడూ దాన్ని ఇప్పగలిగాడు.

అయిదు. ఇక్కడ ఒక మంచి కథ ఉంది. ఫెర్డినాండ్ పియెష్ పేరు విన్నారా? పోర్షే మనవడు. 1970ల మొదట్లో పోర్షే కంపెనీ వదిలేసి సొంతంగా సలహాల పని పెట్టుకున్నప్పుడు మెర్సిడెస్ కోసం అయిదు సిలిండర్ల డీజిల్ ఒకటి గీశాడు. 1974లో మూడు లీటర్ల ఆ ఇంజను కారులోకి వచ్చింది, పేరు ఓఎం617. అయిదు సిలిండర్ల ఇంజనుతో తయారైన మొదటి కారు అదే. తర్వాత ఆడీకి వెళ్లి అక్కడ పెట్రోలులో అయిదు సిలిండర్లు తెచ్చాడు, 1980 క్వాట్రోతో ర్యాలీ పందాలను కుదిపేశాడు. అంటే ఈ పందెంలో ఇద్దరు పోటీదారులూ ఒకే ఇంటివాళ్లు. ఎవరికి వేయాలి? శబ్దానికి ఆడీ, ఓర్పుకు మెర్సిడెస్. నేను ఓర్పు వైపే.

ఇక్కడ మన ట్రాక్స్ డ్రైవర్లు ఎవరైనా ఉంటే ఒక మాట. మీ పాత టెంపో ట్రాక్స్‌లో ఉన్నది మెర్సిడెస్ ఓఎం616, నాలుగు సిలిండర్లు. ఓఎం617 దాని అన్న, ఒక సిలిండర్ ఎక్కువ, అంతే. జీతం రాళ్లు లెక్కపెట్టుకుంటూ మీరు బెంజ్ ఇంజను నడిపారు.

ఇప్పుడు ఆరు. ఆరు వరుసగా నిలబడితే, అయ్యా, అదొక అదృష్టం. చుట్టుకు ఒకసారి వచ్చే అదురు లేదు, రెండుసార్లు వచ్చే ఆ దొంగ అదురు లేదు, మంచం ఊగడం లేదు. ఏ షాఫ్టూ అదనంగా పెట్టనక్కరలేదు, లెక్కలోనే అన్నీ కొట్టేసుకుపోతాయి. అందుకే ఈ వరుసలో గొప్పవాళ్లు చాలామంది. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజను ఉంది. యుద్ధకాలంలో రాత్రిళ్లు ఫ్యాక్టరీ పైకప్పు మీద బాంబుల మంటలకు కాపలా కాస్తూ దాని రూపకర్తలు మాట్లాడుకుని తేల్చినది. 1948లో బయటికి వచ్చి 1992 దాకా తయారైంది, ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ కార్ల పందెం అయిదుసార్లు గెలిచింది. టొయోటా 2జేజెడ్ ఉంది, ఈ తరం పిల్లలకు అదొక దేవుడు. నవ్వుతున్నారు, అంటే నేను సరిగ్గానే చెప్పాను.

అయినా చెబుతున్నాను, టాటా 697. పేరులోనే జాతకం ఉంది, ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 5,675 సీసీ. ఇది మెర్సిడెస్ ఓఎం352 సంతతి. టాటాకూ మెర్సిడెస్‌కూ 1954లో ఒప్పందం కుదిరింది, 1969లో ముగిసింది. లారీ ముందు మూడు కొమ్మల నక్షత్రం పోయింది, ఇంజను మిగిలింది. బ్రెజిల్‌లో అదే ఇంజను, ఇరాన్‌లో అదే. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కిన వాళ్లు చెయ్యెత్తండి. పాలకోవా కోసం వెళ్లిన వాళ్లు కాదు, లోడు లారీలో ఎక్కిన వాళ్లు. చూశారా, ఆ చేతులు వేరు. నిండు లోడుతో, టర్బో లేని ఇంజను, రెండో గేరులో, కిందికి చూస్తే దడ పుట్టే మలుపుల్లో, ఒకే స్వరంతో పైకి పోతుంది. ఆ స్వరం మారితే డ్రైవరు నిద్రలో ఉన్నా లేస్తాడు, క్లీనరు అయితే దూకడానికి సిద్ధంగా ఉంటాడు. ఇంజను బోరుకు వస్తే కర్నూలులో చేస్తారు, కడపలో చేస్తారు, గుంతకల్లులో చేస్తారు. బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేసి మళ్లీ రోడ్డు మీదికి. అమ్మకాల కాగితంలో ఈ గొప్పతనం కనిపించదు.

వీ ఆరును, అంటే మూడు మూడుగా వీ ఆకారంలో పెట్టినదాన్ని, ఒక్క మాటలో దాటేస్తాను. 1950లో లాన్సియా ఆరేలియా దానికి దారి వేసింది, ఫ్రాన్చెస్కో డి విర్జిలియో లెక్కలు కట్టి 60 డిగ్రీల కోణం తేల్చాడు. దారి వేసిన వాళ్లకే ఇస్తాను.

ఎనిమిదికి వస్తే మన రోడ్ల మీద అనుభవం తక్కువ. అమెరికా వాళ్లు 1955 షెవ్రోలె స్మాల్ బ్లాక్ అంటారు, పది కోట్లు చేశారు, వాళ్ల మాట వాళ్లకు న్యాయం. నేను కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అంటాను, ఫార్ములా వన్ పందెపు కార్ల ఇంజను. పందెం ఒక పూటలో అయిపోతుందని ముందే అన్నారుగా, ఇప్పుడు పందెపు ఇంజనా అంటారు. ఆగండి. 1967లో కీత్ డక్‌వర్త్ చేశాడు, ఫోర్డ్ లక్ష పౌండ్లు ఇచ్చింది. మొదటి పందెంలోనే జిమ్ క్లార్క్ గెలిచాడు. ఆ మరుసటి ఏడు నుంచి ఆ ఇంజనును మిగతా జట్లకు కూడా అమ్మారు. చిన్న షెడ్డు, కొద్దిమంది మనుషులు, ఒక డీఎఫ్‌వీ కొనుక్కుంటే ఫెరారీ మీద నిలబడవచ్చు. 1983 దాకా 155 గ్రాండ్ ప్రీ పందాలు గెలిచింది. తయారు చేయని చేతుల్లో బతకడం అంటే ఇదే కదా? నా కొలత నేను తప్పలేదు.

పన్నెండు. రోల్స్ రాయిస్ మెర్లిన్. రెండో ప్రపంచయుద్ధపు విమానాల ఇంజను. 27 లీటర్లు, స్పిట్‌ఫైర్‌ యుద్ధవిమానంలో అదే, హరికేన్‌లో అదే, లాంకాస్టర్‌ బాంబర్‌లో నాలుగు. దాదాపు లక్షా యాభై వేలు తయారయ్యాయి. ఇన్ని ఎలా చేశారు? అక్కడ ఉంది అసలు సంగతి. రోల్స్ రాయిస్ నిపుణులు ఒక్కో భాగాన్నీ చేత్తో సర్ది బిగించేవాళ్లు. మాంచెస్టర్‌లో ఫోర్డ్ వాళ్లకు డ్రాయింగులు ఇస్తే, ఈ కొలతలతో మేము చేయలేం అన్నారు. చాలా సన్నని కొలతలా అని అడిగితే, కాదు, మరీ వదులు అన్నారు! కార్ల తయారీలో ఏ భాగం తీసినా ఏ ఇంజనుకైనా పట్టాలి, సర్దేవాడు ఉండడు. డ్రాయింగులన్నీ మళ్లీ గీశారు. అక్కడ ముప్పై వేలు, అమెరికాలో ప్యాకార్డ్ దగ్గర యాభై అయిదు వేలకు పైగా వచ్చాయి.

ముందు వరుసలోని అమ్మాయిలు ఇది వినాలి. మెర్లిన్‌కు ఒక జబ్బు ఉండేది. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే కార్బొరేటర్‌లో పెట్రోలు పైకి తేలి ఇంజను దగ్గేది. జర్మన్ విమానాలకు ఇంజెక్షన్ పంపు, వాళ్లు అలా దూకి తప్పించుకునేవాళ్లు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు చిల్లు పెట్టిన ఒక చిన్న లోహపు బిళ్లతో పెట్రోలు పొంగుకు అడ్డుకట్ట వేసింది. ఇంజను దింపనక్కరలేదు. బృందాన్ని వెంటబెట్టుకుని విమానాశ్రయాలు తిరుగుతూ బిగించింది. ఆమె మోటారు సైకిల్ పందాల మనిషి కూడా, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద నార్టన్‌తో గంటకు నూరు మైళ్లు దాటింది. మన ఇళ్లలో అమ్మాయికి స్పానర్ ఇవ్వడానికి ఇంకా ఆలోచిస్తారు.

పద్నాలుగు అంటే ఓడల దగ్గరికి పోవాలి. వార్ట్‌సిలా ఆర్‌టీఏ96-సీ, పద్నాలుగు వరుసగా, ఒక్కో బోరు 960 మిల్లీమీటర్లు, నిమిషానికి 102 చుట్లు. ఒక్క సిలిండర్‌లో 1,800 లీటర్లకు పైన. చెప్పుకుని ఆశ్చర్యపోవడానికి బాగుంటుంది, అంతకు మించి నాకు దానితో పరిచయం లేదు.

పదహారు. ఇక్కడ నేను న్యాయమూర్తిని కాదు, పక్షం వాడిని. గుత్తి డీజిల్ షెడ్‌లో చేతులు నల్లబడిన మనిషిని. కాడిలాక్ 1930లోనే పదహారు సిలిండర్ల కారు చేసింది, బుగాటి 2005లో వెయ్యిన్ని ఒక్క గుర్రాలతో చేసింది. చేసుకోనివ్వండి. నా పదహారు ఆల్కో 251.

డబ్ల్యూడీఎం-2 లోకోమోటివ్‌లో ఉండేది. 2,600 గుర్రాలు. బోరు 228.6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 266.7. ఒక్క సిలిండరే దాదాపు 11 లీటర్లు, అంటే ఇందాకటి లారీ ఇంజన్లు రెండు కలిపినంత. భాగహారం చేయండి, 720ని పదహారుతో. నలభై అయిదు. వీ కోణమూ నలభై అయిదే. అమెరికాలో షెనెక్టడీ అనే ఊరిలో ఆల్కో కంపెనీ. అక్కడి నుంచి 1962లో మొదటి బండ్లు వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే చేయడం మొదలుపెట్టాం. 1969లో ఆల్కో లోకోమోటివ్‌ల తయారీ మానేసింది. అర్థమైందా? పుట్టింటి తలుపు మూసుకుంది. ఇక విడిభాగం కావాలన్నా, కొత్త ఆలోచన కావాలన్నా, మనమే. ఆ ఇంజనునే మనవాళ్లు 3,100 గుర్రాలకు తెచ్చారు, 3,300కు తెచ్చారు. కంపెనీ ఆపేశాక దశాబ్దాల పాటు మన దేశంలో కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

దానికి జబ్బులు లేవా? బోలెడు. నాచ్, అంటే డ్రైవరు వేగం పెంచే మీట మెట్టు, పెంచగానే నల్లటి పొగ. టర్బో వేగం అందుకునేలోపు డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ, అందుకే ఆ పొగ. నూనె కారుతుంది. తర్వాత వచ్చిన, ఈఎండీ అనే అమెరికా కంపెనీ వాళ్ల 710 ఇంజను, అదే పదహారు, టూ స్ట్రోకు, 4,000 గుర్రాలు, డీజిల్ తక్కువ తాగుతుంది, మరమ్మతు కూడా తక్కువ. షెడ్‌లో లెక్కలు చూసే అధికారిని అడిగితే ఈఎండీయే అంటాడు, అతడి మాట నిజం కూడా. కానీ క్రాంక్ కేసు తలుపు తీసి, టార్చి పట్టుకుని, బేరింగు చేత్తో తడిమి, ఇది ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెప్పగల ఫిట్టర్లను తయారు చేసింది ఆల్కో. వాళ్లలో పెద్ద చదువులు చదివినవాళ్లు తక్కువ.

నా వంతు అయింది. ఇప్పుడు మీరు.

ఆ చివర ఉన్న అబ్బాయి, గట్టిగా అడుగు నాయనా, అందరికీ వినపడాలి. రోటరీ ఇంజను ఎక్కడ పెడతారంటావా? మాజ్డా 787బీ నాలుగు రోటర్లతో 1991లో లె మాన్ గెలిచింది, తెలుసు. మంచి ప్రశ్నే. కానీ నన్ను పిలిచింది సిలిండర్లు లెక్కపెట్టమని. దానికి సిలిండరే లేదు. సున్నాలో మొదటి స్థానం దానికి ఇస్తాను, పోటీకి ఇంకెవరూ లేరు. తర్వాతి వాళ్లు అడగండి.